లెక్కల సారు ఏ సెక్షన్‌కి పోతాడు?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో ఒక తండ్రి రాసిన ఉత్తరం చదివాను. హైస్కూళ్ళలో ఫౌండేషన్ సెక్షన్లకీ (ఐఐటీ, మెడికల్ పరీక్షలకి చిన్నప్పటి నుంచే తయారుచేసేవి) ఒలింపియాడ్ బ్యాచ్‌లకీ స్క్రీనింగ్ టెస్ట్ పెట్టి, కట్ ఆఫ్ దాటిన పిల్లల్నే తీసుకోవాలనీ, సిఫార్సు తెచ్చుకున్న వాళ్ళనీ ఫీజు ఎక్కువ కట్టిన వాళ్ళనీ అందులో కలిపేస్తే బాగా చదివే పిల్లలు నష్టపోతారనీ ఆయన బాధ. ఉత్తరం బాగుంది, కోపం కూడా న్యాయమైనదే. అయితే 32 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో లెక్కలు చెప్పి రిటైరై కావలిలో కూర్చున్న నాకు అందులో ఒక ముక్క తప్పిపోయినట్టు అనిపించింది. అది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు. పొడుగైతే కత్తిరించుకోండి, ఏమనుకోను.

ముందే చెప్పేస్తున్నా, నేను పరీక్షలంటే పడని వాణ్ణి కాదు. పేపర్లు దిద్దుకుంటూనే బతికాను.

మా చిన్నమ్మాయి కూతురు నెల్లూరులో ఎనిమిదో తరగతికి వచ్చింది. స్కూలు పేరెందుకు, ఊళ్ళో ఏ సెంటర్లో నిలబడినా అలాంటివి నాలుగు కనిపిస్తాయి. జూన్‌లో స్కూలు తెరిచిన వారంలోనే ఫౌండేషన్ సెక్షన్‌కి స్క్రీనింగ్ అన్నారు. 60 ప్రశ్నలు, ఓఎమ్మార్ షీటు, గంటన్నర టైము. కట్ ఆఫ్ 44 పెట్టారు, పిల్లకి 41 వచ్చాయి. మూడు మార్కులకి ఏడ్చే ఇల్లు కాదు మాది, పోతే పోయిందిలే అన్నాను. కానీ ఆ రాత్రి పిల్ల ఫోన్లో తనకు గుర్తున్న ప్రశ్నలు చెప్తా ఉంటే అలవాటు కొద్దీ కాగితం మీద రాసుకున్నాను. మొత్తం 18 చెప్పింది. వాటిలో ఏడు ప్రశ్నలు ఏడో తరగతి పుస్తకంలో ఎక్కడా లేవు. ఒకటైతే వర్గ సమీకరణం, పదో తరగతిలో వచ్చే పాఠం! ఇదెక్కడిదే అంటే, వేసవిలో అదే స్కూల్లో బ్రిడ్జి కోర్సు అని పెట్టారట, అందులో చెప్పారట, దానికి ఫీజు విడిగా అట. మా పిల్ల ఎండాకాలమంతా కావలిలో మా దగ్గరే ఉంది, సాయంత్రాలు తుమ్మలపెంట సముద్రానికి పోయి వచ్చేది, మామిడికాయలు ఉప్పూకారం పెట్టుకుని తినేది. ఆ పేపరు దిద్దితే తేలేది ఎవరికి లెక్కలు వచ్చో కాదు, మే నెలలో ఎవరు ఎక్కడున్నారో.

సరేలే, ఏ సెక్షన్‌లో కూర్చుంటే ఏముంది, పుస్తకం ఒకటే కదా అన్నాను మా అమ్మాయితో.

"పుస్తకం ఒకటే నాన్నా, సారు ఒకరు కాదు" అనింది.

పోయిన ఏడాది వీళ్ళ క్లాసుకి చక్కగా చెప్పిన లెక్కల సారు ఈ ఏడాది నుంచి ఫౌండేషన్ సెక్షన్లకే పోతాడట. కింద సెక్షన్లకి కొత్తగా చేరిన కుర్రాడిని వేశారు. పాపం అతని తప్పేం లేదు, డిగ్రీ నిన్న మొన్న అయింది, రోజంతా పీరియడ్లు, సాయంత్రం స్టడీ అవర్ డ్యూటీ, మళ్ళీ ఆదివారం వీకెండ్ టెస్ట్ పేపర్లు. పాఠం ప్రిపేరయ్యే టైము ఎక్కడుంది అతనికి? ఈ సంగతి విన్నాక గానీ నాకు వెలగలేదు. స్క్రీనింగ్ టెస్ట్ పిల్లల్ని పంచుతోందని మనం అనుకుంటున్నాం, అసలు అది పంచుతోంది అయ్యోర్లని. ఆ తండ్రి గారి ఉత్తరంలో తప్పిపోయింది ఈ ముక్కే.

ఈ మాట గట్టిగా అనే హక్కు నాకు తక్కువ, ఎందుకంటే ఆ పని నేనూ చేశాను. 1998లో ఉదయగిరి వైపు మెట్ట ప్రాంతంలో ఒక హైస్కూల్లో ఉన్నాను. తొమ్మిదో తరగతిలో 94 మంది. హెడ్మాష్టారూ నేనూ కూర్చుని, ఎనిమిదో తరగతి యాన్యువల్ మార్కుల రిజిస్టరు ముందేసుకుని గీత గీశాం. లెక్కల్లో మార్కులు బాగున్న 45 మంది ఎ సెక్షన్, మిగతా 49 మంది బి. రెండో లెక్కల పోస్టు ఖాళీ. ఎ నేను తీసుకున్నాను, బి సెక్షన్ లెక్కలు బయాలజీ మాష్టారి మెడకి చుట్టాం. ఆయన పాపం వద్దు మొర్రో అన్నాడు. రెండేళ్ళ తర్వాత పదో తరగతి ఫలితాలు వస్తే ఎ సెక్షన్‌లో తప్పిన వాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, బి లో సగానికి సగం మంది లెక్కల్లోనే పోయారు. చూశావా, మనం గీసిన గీత కరెక్టే అని హెడ్మాష్టారు నా భుజం తట్టాడు. నేను కూడా అదే నమ్మాను. మొద్దులు కాబట్టి బి లో వేశాం, బి లో తప్పారు కాబట్టి మొద్దులే. ఇంత గుండ్రంగా తిరిగే రుజువుని ఏ పిల్లాడైనా పేపర్లో రాస్తే సున్నా పెట్టేవాణ్ణి.

ఆ బి లో ఒక పిల్లాడు ఉండేవాడు. ఫలితాలు వచ్చిన తర్వాతి సంవత్సరం మా బావమరిది పొగాకు అమ్ముకోవడానికి కలిగిరి వేలం కేంద్రానికి పోతే తోడు వెళ్ళాను. అక్కడ కనిపించాడు, బేళ్ళు మోసే వాళ్ళతో ఉన్నాడు. కాటా మీద 132 కిలోలు, రేటు 36 రూపాయల 50 పైసలు అని వినపడిందో లేదో, "4,818 సార్" అన్నాడు. నేనింకా జేబులో పెన్ను తీస్తూనే ఉన్నా. వీడికి ఎనిమిదిలో మార్కులు ఎందుకు రాలేదురా అని ఆలోచిస్తే, మెట్టలో జనవరి నుంచి మార్చి దాకా పొగాకు కొట్టుడు, బ్యారన్లు (ఆకుని పొయ్యి వేడికి ఆరబెట్టే కొట్లు) కాల్చే కాలం. వాళ్ళ నాయనతో పాటు రాత్రిళ్ళు బ్యారన్ పొయ్యి కాసుకుంటూ కూర్చునే వాడు, పొద్దున బడికి వస్తే నిద్రే, లేకపోతే రావడమే లేదు. ఏప్రిల్లో యాన్యువల్. మేం గీసిన గీత వాడి బుర్రని కొలవలేదు, హాజరు పట్టీని కొలిచింది. ఇప్పుడు ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు చూస్తాడు, ఎక్కడ కనిపించినా ఆగి నమస్కారం పెడతాడు. ఆ నమస్కారం తీసుకోవడం నాకు కష్టంగానే ఉంటుంది.

అలాగని టెస్ట్ ఎత్తేసి పిల్లల్ని టీచర్నే ఎంచమంటే సరిపోతుందా? అస్సలు పోదు. టీచర్ల సంగతి నాకు తెలుసు. ముందు బెంచీలో కూర్చుని, నోటుబుక్కుకి అట్ట వేసుకుని, చేతిరాత ముత్యాల్లా ఉన్న పిల్ల తెలివైందని మేం ఊరికే అనేసుకుంటాం. మాట్లాడని పిల్ల, ఇంట్లో అడిగే దిక్కు లేని పిల్ల మా కంట పడదు. ఇది నా ఒక్కడి జబ్బు కూడా కాదు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం బ్రోవార్డ్ కౌంటీలో టీచర్లు, తల్లిదండ్రులు పేర్లు చెప్పిన పిల్లలకే గిఫ్టెడ్ క్లాసుల (బాగా తెలివైన పిల్లలకి విడిగా నడిపే క్లాసులు) పరీక్ష పెట్టేవాళ్ళు. 2005 నుంచి రెండో తరగతి పిల్లలందరికీ ఒక చిన్న పరీక్ష పెట్టి, అందులో బాగా చేసిన వాళ్ళని పైకి పంపడం మొదలుపెడితే, అంతకుముందు ఎవరూ పేరు చెప్పని పేద పిల్లలు, నల్లజాతి, హిస్పానిక్ పిల్లలు చాలామంది బయటపడ్డారు. తర్వాత ఖర్చు తగ్గించుకోవాలని అది ఆపేసేసరికి మళ్ళీ పాత కథే. దీన్ని లెక్కగట్టి రాసిన ఇద్దరిలో ఒకాయన డేవిడ్ కార్డ్, 2021లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది ఆయనకే. ఇవన్నీ మా పెద్దమ్మాయి పంపిస్తా ఉంటుంది, డాలస్ పక్కన ఉంటుందిలెండి, తండ్రికి పొద్దుపోవడం లేదని.

అలా పేద పిల్లల్ని పైకి తెచ్చే పరీక్షలు మన దగ్గర మాత్రం లేవా? మర్రిపాడు మండలం కృష్ణాపురంలో నవోదయ ఉంది. ఆరో తరగతికి 80 సీట్లు, వాటిలో కనీసం 75 శాతం పల్లెటూరి పిల్లలకే, మూడో వంతు ఆడపిల్లలకి. ఐదో తరగతి పిల్లాడు రెండు గంటల్లో 80 ప్రశ్నలు రాసి, ఏ ఎమ్మెల్యే గారి ఉత్తరమూ లేకుండా అందులో కూర్చుంటాడు. మా బళ్ళ నుంచి పోయిన వాళ్ళని చూశాను కాబట్టి ఆ పరీక్షని నేను ఒక్క మాట అనను. (దానికీ కోచింగ్‌లు బయల్దేరాయనుకోండి, అది వేరే ఏడుపు.) అలాగే ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష. సర్కారు బళ్ళలో, ఎయిడెడ్ బళ్ళలో చదివే పేద పిల్లలకి తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ఆ డబ్బుతో చదువు మానకుండా ఉన్న ఆడపిల్లలు నాకు తెలుసు. ఒంగోలు ట్రిపుల్ ఐటీ ఉంది, దానికి పదో తరగతి మార్కులే లెక్క, అయితే రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ బళ్ళలో చదివిన వాళ్ళకి 4 శాతం అదనంగా కలుపుతారు. అంటే మార్కుల వెనక పిల్లాడికి ఏం దొరికింది, ఏం దొరకలేదు అన్నది కూడా చూడాలని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కదా. మరి ఒక ప్రైవేటు స్కూల్లో 12 ఏళ్ళ పిల్లకి 41 కీ 44 కీ మధ్య అంత పెద్ద గోడ ఎందుకు కడుతున్నారు?

ఆ తండ్రి గారు ఇంకో మాట రాశారు, అందర్నీ కలిపి కూర్చోబెడితే పాఠం నత్త నడక నడుస్తుందని. ఇది నిజం, దాయను. 50 మంది ఉన్న క్లాసులో భిన్నాలు రాని వాళ్ళు పదిమంది, సమీకరణాలు నమిలి మింగే వాళ్ళు ఐదుగురు ఉంటే ఎవరి కోసం చెప్పాలో తెలియక మధ్యలో ఉన్న వాళ్ళకి చెప్పేసి బయటపడతాం. త్వరగా అందుకునే పిల్లలు కిటికీలోంచి కాకుల్ని లెక్కపెట్టుకుంటారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో సమానత్వం అని చెప్పి 2014లో ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా తీసేసి అందరికీ తొమ్మిదిలోనే అన్నారు, తల్లిదండ్రులు పదేళ్ళు పోట్లాడి 2024 మార్చిలో ఓటింగ్ దాకా తెచ్చారు, భారీ మెజారిటీతో మళ్ళీ పెట్టమన్నారు. కాబట్టి పై సెక్షన్ ఎత్తేయండి అని నేను అనడం లేదు.

మా పెద్దమ్మాయి ఉన్న టెక్సాస్‌లో పద్ధతి ఇంకోలా ఉంది. 2023లో చట్టం చేశారు. ఐదో తరగతి లెక్కల్లో మొదటి 40 శాతంలో నిలిచిన పిల్లల్ని ఆరో తరగతిలో అడ్వాన్స్‌డ్ లెక్కల్లో ఎవరూ అడక్కుండానే వేసేయాలి, వద్దనుకుంటే తల్లిదండ్రులే చెప్పి తీయించుకోవాలి. మన దగ్గర కావాలనుకునే వాళ్ళు ఆఫీసు రూము చుట్టూ తిరగాలి, అక్కడ వద్దనుకునే వాళ్ళు తిరగాలి. అంతే తేడా, కానీ కూలీ పనికి పోయే తల్లికి ఆ తేడా ఎంతో ఆలోచించండి. ఆమె ఒక పూట పని మానుకుని, పట్టుచీర లాంటిది కట్టుకుని, ప్రిన్సిపాల్ గారి గది ముందు గంట నిలబడి, ఇంగ్లీషులో రెండు మాటలు వినాల్సిన అవసరం ఉండదు.

ఇప్పుడు నాకు ఎదురు తిరిగే సంగతి కూడా ఒకటి చెప్పాలి. కెన్యాలో 2005లో 121 ప్రైమరీ బళ్ళకి ఒక్కో టీచర్ని అదనంగా ఇచ్చి ఒకటో తరగతిని రెండు సెక్షన్లు చేశారు. సగం బళ్ళలో మార్కుల్ని బట్టి విడదీశారు, సగం బళ్ళలో చీటీలు వేసినట్టు కలగలిపి కూర్చోబెట్టారు. 18 నెలల తర్వాత చూస్తే, మార్కుల్ని బట్టి విడదీసిన బళ్ళే ముందున్నాయి, అదీ పై సెక్షన్ పిల్లలే కాదు, కింద సెక్షన్ పిల్లలు కూడా! ఎస్తేర్ డుఫ్లో, ఇంకా ఇద్దరు కలిసి చేసిన పని ఇది, ఆవిడకీ ఆ ఇద్దరిలో ఒకరైన మైఖేల్ క్రెమర్‌కీ 2019లో నోబెల్ వచ్చింది. మొదట ఇది చదివినప్పుడు నా వాదన మొత్తం కూలిపోయిందనుకున్నాను. హెడ్మాష్టారు బతికుంటే ఫోన్ చేసి మరీ చెప్పేవాణ్ణి, మీరు గీసిన గీత కరెక్టే సార్ అని. తర్వాత ఇంకోసారి నిదానంగా చదివితే అసలు కీలకం కనిపించింది. ఏ సెక్షన్‌కి ఏ టీచరు పోవాలో కూడా వాళ్ళు చీటీలు తీసినట్టే తేల్చారు. మంచి టీచరు పైకీ, కొత్త టీచరు కిందికీ అన్న ఏర్పాటు అక్కడ లేదు. కింద సెక్షన్‌లో కూర్చున్న పిల్లలకి వాళ్ళ స్థాయికి తగ్గ పాఠం దొరికింది, దాంతో వాళ్ళూ లేచారు. మేం 1998లో చేసిన పనికీ దీనికీ తేడా ఆ చీటీలే.

అందుకే టెస్ట్ ఉండాలా వద్దా అని కొట్టుకోవడం నాకు సగం దండగ అనిపిస్తుంది. టెస్ట్ అయ్యాక టైంటేబుల్ ఎలా వేస్తున్నారు అని ఎవరూ అడగరేం? పేరెంట్స్ మీటింగ్‌లో కట్ ఆఫ్ ఎంత, మా వాడికి ఎంత, పక్కింటి వాడికి ఎంత అంటారు గానీ, ఈ మూడు సెక్షన్లకి లెక్కల సార్లు ఎవరెవరు, వాళ్ళెన్నేళ్ళుగా చెప్తున్నారు అని ఒక్కరైనా అడిగారా? నేను పోయిన నెల మీటింగ్‌కి మా అమ్మాయితో వెళ్ళి అడిగాను. ఇన్‌చార్జి గారు నవ్వి "మా దగ్గర ఫ్యాకల్టీ అంతా ఒకటే సార్" అన్నాడు. అంతా ఒకటే అయితే మార్చి మార్చి వేయండి, పోయేదేముంది అన్నాను. టీ ఇప్పించాడు.

చట్టం అయినా పట్టించుకుంటుందేమో అని చూశాను. 2009 విద్యాహక్కు చట్టంలో 13వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని బళ్ళో చేర్చుకునేటప్పుడు స్క్రీనింగ్ పెట్టకూడదు, పెడితే మొదటిసారి 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా. కానీ అది గేటు దగ్గరి మాట. గేటు దాటాక లోపల సెక్షన్లు ఎలా కలపాలన్నది అందులో లేదు. కాబట్టి స్కూళ్ళు గేటు తెరిచి పెట్టి, పది అడుగులు లోపల ఇంకో గేటు కట్టుకున్నాయి.

మరి పై సెక్షన్ పిల్లలు సుఖంగా ఉన్నారా అంటే అదీ లేదు. మా మనవరాలి స్నేహితురాలు ఒకతె అందులో ఉంది. మూడు వారాలకోసారి షఫ్లింగ్ అట, వీకెండ్ టెస్టుల మార్కులు తగ్గితే సంచీ తీసుకుని కింద సెక్షన్‌కి నడవాలి, అందరూ చూస్తుండగా. ఆ పిల్లకి శనివారం వస్తే కడుపులో నొప్పి. డాక్టరు చూసి ఏం లేదమ్మా, టెన్షన్ అన్నాడట. 13 ఏళ్ళకి టెన్షన్!

నన్ను ఏం చేయమంటావు అని ఆ తండ్రి గారు అడిగితే, నాకు తోచింది చెప్తాను. టెస్ట్ పెట్టండి, కానీ ఆ పిల్లలు అంతకుముందు ఏడాది చదివిన పుస్తకం లోంచే పెట్టండి, బ్రిడ్జి కోర్సు లోంచి కాదు. దిద్దిన తర్వాత పేపరు పిల్ల చేతికి ఇవ్వండి, ఎక్కడ తప్పిందో చూసుకుంటుంది. మేం అడిగితే పేపరు బయటికి ఇవ్వరు అన్నారు, అదేమన్నా రాకెట్ డిజైనా? కట్ ఆఫ్‌కి కాస్త కింద ఆగిన పిల్ల నేను చేస్తాను, కూర్చుంటాను అంటే దసరా సెలవుల దాకా కూర్చోనివ్వండి. అందుకోలేకపోతే ఆ పిల్లే చెప్తుంది, పిల్లలకి ఆ తెలివి ఉంటుంది, మనకే ఉండదు. సీబీఎస్ఈ వాళ్ళు 2020 నుంచి పదో తరగతి లెక్కల్లో స్టాండర్డ్, బేసిక్ అని రెండు రకాల పేపర్లు పెట్టారు, ఏది రాయాలో పిల్లలే ఎంచుకుంటారు, క్లాసులో పాఠం మాత్రం అందరికీ ఒకటే. ఆకాశం ఏం ఊడిపడలేదు. సెక్షన్లు మార్చాలంటే ఏడాదికి రెండుసార్లు మార్చండి చాలు, మూడు వారాలకి ఎవరి బుర్రా మారదు.

ఇవన్నీ కుదరకపోయినా ఒక్క పని కుదురుతుంది. ఈ ఉత్తరం ఏ ప్రిన్సిపాల్ గారి కంటైనా పడితే, వచ్చే టర్మ్ టైంటేబుల్ వేసేటప్పుడు ఆ మంచి లెక్కల సార్ని వారానికి రెండు పీరియడ్లు కింద సెక్షన్‌కి పంపండి. కొత్త కుర్రాణ్ణి ఆ రెండు పీరియడ్లు వెనక బెంచీలో కూర్చుని వినమనండి, ఒక ఏడాదిలో మీకు ఇద్దరు మంచి సార్లు అవుతారు. దీనికోసం ఫీజు మాత్రం పెంచకండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాష్టారు,
కావలి, నెల్లూరు జిల్లా